మైలదినములలో బిడ్డల బట్టలపెట్టె

ఇంట నొకరు గతించినపుడు పెద్దలు చేయవలసిన పనులను దెలుపుటకు గ్రంథములు కలవు, పురోహితులు కలరు, ఇరుగుపొరుగు పెద్దముత్తైదువలును కలరు. కర్త యెవరు, మైల యెన్ని దినములు, సంచయన మేనాడు, ధర్మోదక మేనాడు అని యడిగినచో చెప్పువా రెందరో యుందురు. కాని బడికో, వసతిగృహమునకో, వేసవి శిబిరమునకో పోవలసిన పిల్లవాని చొక్కాను ఆ పదిదినములలో ఉతుకవచ్చునా, క్రొత్తది తొడుగవచ్చునా, ఇస్త్రీ చేయింపవచ్చునా యని యడిగినచో తిన్నగా బదులు చెప్పువారు మాత్రము కానరారు. ఇదియు నొక ప్రశ్నయేనా యని పురుషులు నవ్వుదురు. పెట్టె సర్దవలసిన తల్లికి మాత్ర మది నవ్వులాట గాదు.

మొన్నటి వేసవిలో మా కీ చిక్కు సంప్రాప్తమైనది. వైశాఖ బహుళమున మా పినమామగారు బొబ్బిలిలో స్వర్గస్థులైరి. కర్మ చేయుటకు వారికి కుమారుడు కలడు. మావారు జ్ఞాతులగుటచే మా ఇంటికి పదిదినముల మైల వచ్చినది. మైల ఆరంభమైన యేడవనాడు మా బిడ్డ లిరువురును విశాఖపట్టణమున జరుగు నొక బాలల శిబిరమునకు పోవలసియుండెను. పిల్లవానికి పదునొకండవయేడు, పిల్లకు తొమ్మిదవయేడు. శిబిర మెనిమిది దినములు. ఆ శిబిరమునకు రుసుము చెల్లించిన వారును, బిడ్డలకు బట్టలు కొనుటకు సొమ్ము పంపిన వారును ఆ పినమామగారే. హుకుంపేట కొండలలో పెరుగుచున్న పిల్లలు ఒక్కమారైనను సముద్రము చూడవలెనని వారి కోరిక. ఆ కోరిక తీరవలసిన వారమే వారు లేకపోయిరి.

ఇంట మూడు మాటలు పుట్టినవి. మా అత్తగారు పిల్లలను పంపవలదనిరి. గతించినది వారి మరది. వారు కాపురమునకు వచ్చునాటికి ఎనిమిదేండ్ల బాలుడు. వారి చేతి యన్నము దిని పెరిగినవాడు. "వాడు పోయి వారమైనను కాలేదు. ఈ యింటి పిల్లలు క్రొత్తబట్టలు దొడుగుకొని ఆటలకు పోవుదురా?" అని వారు కన్నీరు పెట్టుకొనిరి. మావారు పంపవలెననిరి. "చదువునకును శిక్షణకును పోవు పిల్లలకు మైల యెక్కడిది? చిన్నాన్న కోరినదియు నిదియే గదా" యని వారి వాదము. శిబిరమువారి పత్రము వచ్చి మూడవ మాట చెప్పినది: మొదటిదినమున పిల్ల లందరును నిర్ణీతమైన తెల్లచొక్కా, నీలిలాగు లేక నీలిలంగాతో రావలయును, మొత్త మారుజతల బట్టలు, రెండు తువాళ్లు, రాత్రి కట్టుకొనుట కొకటి వేరుగా తేవలయును. నిర్ణీతమైన తెల్లచొక్కాలు రెండును పాడేరులో కొని తెచ్చి, మడత విప్పక, పెట్టెలో నుంచియుంటిమి. అనగా అవి క్రొత్తవి. క్రొత్తబట్ట మైలలో కట్టరాదు.

మేము బాల్యమున మా తండ్రిగారియొద్ద కొంత సంస్కృతము చదివినవార మగుటచే ఆ రాత్రి గ్రంథములు తీసి చూచితిమి. మనుధర్మశాస్త్రమున నయిదవ యధ్యాయము ఆశౌచమును గూర్చి చెప్పుచున్నది. పది, పండ్రెండు, పదునైదు, ముప్పది దినముల భేదము లందే యున్నవి. ఆ దినములలో బంధువు లెట్లుండవలయునో చెప్పుచోట క్షారలవణములు లేని యన్నము, మూడుదినముల స్నానము, మాంసవర్జనము, వేరువేరుగా నేలపై శయనము చెప్పబడినవి. అచ్చట బట్ట లుతుకుటను గూర్చిన మాట యొక్కటియు లేదు. క్రొత్తబట్ట కట్టరాదు, చాకలికి వేసిన మడత కట్టరాదు, ఇస్త్రీ చేయరాదు అనునవి మన యిండ్లలో పెద్దలు నిలిపిన యాచారములు. ఆచార మగుటచే నవి తక్కువవని మేము చెప్పము. దుఃఖమున నున్నవారు అలంకారమును మానుట ఏ దేశముననైనను సహజమే. కాని ఏది శాస్త్రము, ఏది ఆచారము అని తెలిసికొన్నయెడల మనస్సు కొంత నెమ్మదించును.

అదే యధ్యాయమున వేరొక విశేషము కలదు. రాజునకును, వ్రతమున నున్నవారికిని, సత్రయాగమున నున్నవారికిని ఆశౌచదోషము లేదని మనువు చెప్పెను. యాజ్ఞవల్క్యస్మృతి మూడవ యధ్యాయమున సద్యశ్శౌచము గలవారిలో బ్రహ్మచారులును లెక్కింపబడిరి. పదునొకండవ శతాబ్ది చివరను, పండ్రెండవ శతాబ్ది మొదటను కల్యాణి నేలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. ఈ మినహాయింపులలోని తత్త్వము స్పష్టమే: ఎవరి పని నిలిచినచో నొరులకు హాని కలుగునో, ఎవరి నియమము మధ్యలో తెగరాదో, వారిని మైల ఆపదు. గురుకులమున నున్న శిష్యుడు ఇంటిదుఃఖముచే చదువు మానరాదని పూర్వులు తలంచిరి. ఎనిమిదిదినముల వేసవి శిబిరము గురుకులవాసముతో సమానమని మేము వాదింపము. మావారు వాదించిరి గాని అత్తగా రంగీకరింపలేదు. అయినను నేర్చుకొను వయస్సునకు పూర్వు లొక ప్రత్యేకస్థాన మిచ్చిరనుట మాత్రము నిజము.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది గాదు. యూదులలో నిది యేటేట వచ్చును. యెరూషలేములోని వారి దేవాలయమును క్రీ.పూ. 586 ప్రాంతమున బాబిలోనువారును, మరల కట్టిన దానిని క్రీ.శ. 70లో రోమనులును ధ్వంసము చేసిరి. ఈ రెండు నష్టములకును వారు ఆబ్ మాసమున తొమ్మిదవదినమున ఉపవసించి దుఃఖింతురు. ఆ దినము జూలైలోగాని ఆగష్టులోగాని పడును. ఆ మాసపు మొదటి తొమ్మిదిదినములును శోకదినములు. వారిలో ననేకులు ఆ దినములలో మద్యమాంసములను శనివారపు విశ్రాంతిదినమునందు దక్క ముట్టరు, క్రొత్తబట్టలు కట్టరు, బట్ట లుతుకరు, ముందే యుతికి మడతపెట్టినవియు తొడుగరు. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా యను ధర్మగ్రంథము ఈ క్షౌరవస్త్రముల నిషేధమును తొమ్మిదవదినము పడు వారమునకు మాత్రము చెప్పినది. పదునారవ శతాబ్దిలో యోసేఫు కారో యను పండితుడు షుల్హాన్ ఆరూఖ్ అను ధర్మసంగ్రహమును వ్రాయగా, పోలండులోని క్రాకో నగరపు మోషే ఇస్సెర్లెస్ దానికి వ్యాఖ్య వ్రాసి, తమ ప్రాంతపు యూదులు మాసారంభమునుండియే యీ నియమమును పాటింతురని తెలిపెను. మన ధర్మశాస్త్రములకు దేశాచారభేదము లున్నట్లే వారికిని గలవు.

ఇక అమెరికాలో పిల్లల వేసవి శిబిరములు జూలై ఆగష్టు మాసములలోనే జరుగును. 1947లో విస్కాన్సిన్ రాష్ట్రమున ఆరంభమైన రామా శిబిరమువంటి యూదుల శిబిరములు అచట ననేకము కలవు. పిల్లలు ఇల్లు విడిచి వారములకొలది చెట్లక్రింద, చెరువుగట్లపై నుందురు. బురద, చెమట, వాన. నడుమ తొమ్మిదిదినములు బట్ట లుతుకరాదు! అచ్చటి తల్లులు దీని నెట్లు దాటుచున్నారో తెలిసికొన్నపుడు మాకు ముచ్చట కలిగినది. మొదట వారు లెక్క వేయుదురు. దినమున కెన్ని చొక్కాలు, ఎన్ని లోబట్టలు, ఎన్ని మేజోళ్లు అని గణించి తదనుగుణముగా పెట్టె నింపుదురు. రెండవది, మాసము రాకమునుపే శుభ్రమైన బట్టలను కొంతసేపు తొడిగించి విప్పింతురు. అట్లు చేసినచో నది అప్పుడే యుతికిన బట్ట గాదు. కావున నియమ మతిక్రమింపక కట్టవచ్చును. మూడవది, పసిపిల్లల బట్టలు మాటిమాటికి మలినమగును గావున వాని నుతుకుట కభ్యంతరము లేదని వారి గ్రంథములే చెప్పినవి. కొంచెము పెద్దపిల్లలకును మార్చుకొన నేమియు మిగులనిచో అవసరమైనంత మట్టుకు ఉతుకవచ్చునని పలువురు గురువులు చెప్పుదురు. దుఃఖము పిల్లలకును తెలియవలెనని కొందరు పండితులు బిగింతురు. పిల్లలపై భారము మోపరాదని కొందరు సడలింతురు. ఈ వాదమును వినుచున్నపుడు మా అత్తగారును మావారును మాటలాడుకొనుచున్నట్లే మాకు తోచినది.

యూదమతము తెలుగుదేశమునకు బొత్తిగా పరాయిది గాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలుచెంత కొత్తరెడ్డిపాలెమున తాము బెనే ఎఫ్రాయీములమని, ఇశ్రాయేలు సంతతివారమని చెప్పుకొను తెలుగు కుటుంబములు కొన్ని కలవు. 1990 దశకారంభమునుండి వారికచ్చట ప్రార్థనామందిర మున్నది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకు లిరువురు వారిని గూర్చి 2013లో నొక గ్రంథము ప్రకటించిరి.

వారి శోకమునకును మన మైలకును ఒక భేదము గమనింపదగినది. వారి తొమ్మిదిదినములు పంచాంగమున ముందే వ్రాయబడియుండును. తల్లి ముందే సిద్ధపడవచ్చును. ఆ శోకము దినదినమునకు పెరిగి తొమ్మిదవనాడు పరాకాష్ఠ నందును. మన మైల చెప్పి రాదు. తొలినాడే పిడుగువలె పడి, దినదినమునకు తగ్గుచు పదవనాటికి స్నానముతో నొక యొడ్డు చేరును. కావున మనకు ముందస్తు లెక్కలు సాగవు. ఉన్న బట్టలతో, ఉన్న దినములలో, నియమపు ప్రాణము చెడకుండ పని జరుపుకొనవలయును.

నియమపు ప్రాణ మేమి? దుఃఖమున నున్నవాడు సింగారించుకొనరాదు. అంతియే గాని పిల్లవాడు చెమటకంపు గొట్టవలెనని గాదు. ఈ మాట నే మేము అత్తగారితో మెల్లగా మనవి చేసితిమి. వారు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట తామే, "ఆ తెల్లచొక్కాల నిటు తెమ్ము" అనిరి. తెచ్చితిమి. "క్రొత్తబట్టకు నాలుగుమూలల పసుపుపెట్టి కట్టుట మన యింటివాడుక. వీనికి పసుపు పెట్టకుము. నీళ్లలో తడిపి ఆరవేయుము. పసుపు పెట్టనిది, ఒకమారు తడిసినది, క్రొత్తది గాదు" అని సెలవిచ్చిరి. ఎక్కడి యమెరికా, ఎక్కడి హుకుంపేట! ముందుగా నొకమారు తొడిగించి క్రొత్తదనమును పోగొట్టు ఆ యూదుతల్లుల యుపాయమును ఏ గ్రంథమును చూడని మా అత్తగారు తమంతట తామే కనిపెట్టిరి.

తక్కిన బట్టల సంగతి గూడ చెప్పెదము. తోటి గృహిణుల కుపయోగపడవచ్చును. మా ప్రాంతమున వైశాఖమాసమున మధ్యాహ్నము దాటినచో తరచుగా ఉరుములతో వాన కురియును. ఉదయము పదిగంటలలోపల ఆరినదే ఆరినట్లు. ముద్దబట్టను పెట్టెలో నుంచినచో బూజుపట్టును. మైలదినములలో చాకలికి వేయుట లేదు గనుక దినమునకు రెండు జతల చొప్పున ఇంటనే నీళ్లను, సబ్బును మాత్రము వాడి ఉతికి, గంజి పెట్టక, ఇస్త్రీ చేయక, చేతితో సాగదీసి మడత పెట్టితిమి. మైలకు ముందే మడతపెట్టి ముట్టక యుంచిన బట్టలు నాలుగుజతలు వేరుపెట్టెలో నుండెను. వానికి మైల యంటలేదని అత్తగారే తీర్మానించిరి. ముదురురంగువి పగటియాటలకు, పాతనూలువి రాత్రికి నని విభజించితిమి. సముద్రతీరమున ఉక్క మెండు. కొండచలికి వేయు మందపుబట్ట లచ్చట పనికిరావు. ప్రతిబట్ట లోపలివైపున పిల్లల పేరులోని మొదటియక్షరమును ఎర్రదారముతో కుట్టితిమి. లోబట్టను స్నానముచేయునపుడే పిండి ఆరవేసికొనుట యిరువురకును నేర్పితిమి. ఈ చివరి విద్య మైల యున్నను లేకున్నను ప్రతిబిడ్డయు ఇల్లు విడుచుటకు ముందు నేర్వవలసినదే. మగపిల్లవాని కది అక్కరలేదను తల్లులు వానికి మేలు చేయుట లేదు.

ఈ విషయమున మాకు ధైర్యమిచ్చినది మరియొక స్త్రీ. మా వీధికి అడ్డాకులును చీపుళ్లును తెచ్చు నొక గిరిజనతల్లి కుమారుడు ఆశ్రమపాఠశాలలో చదువుచున్నాడు. క్రిందటిచలికాలమున ఆమె యత్త చనిపోగా పిల్లవానిని ఇంటికి దీసికొనిపోయిరి. వాడు బడిదుస్తులతోనే పోయెను. ఆ రాత్రియే ఆమె ఆ చొక్కాను గెడ్డలో నుతికి, పొయ్యికడ నారబెట్టి, మూడవనాడు వానికే తొడిగి బడిలో దిగవిడిచి వచ్చెను. దినముల నడుమ పంపితివేమి యని మే మడుగగా, "బడి గుడ్డకి మైలేటమ్మా? ఆడు సదుంకుంటేనే గదా ముసల్దాని పేరు నిలబడతాది" అని యామె బదులు చెప్పినది. మేము మనువును, యాజ్ఞవల్క్యుని తిరుగవేసి కనుగొన్న యర్థమును ఆమె రెండుమాటలలో జెప్పెను.

అయినను పెద్దలు మినహాయించినంత మాత్రమున పిల్లల మనస్సు దుఃఖమునుండి విడివడునా? ఇదియే మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. పెట్టె సర్దుచుండగా మా పిల్ల తన నీలిరంగు చుక్కలపరికిణీని చేతబట్టుకొని నిలువబడెను. అది చిన్నతాతగారు పంపిన సొమ్ముతో కొన్నది. "అమ్మా, ఇది తాతగారిది గదా. తాతగారు పోయిన దినములలో కట్టుకొన్నచో వారికి కోపము వచ్చునా?" అని యడిగెను. "కోపము రాదమ్మా, సంతోషించెదరు" అంటిమి. పిల్ల కొంచెమాలోచించి, "అట్లయినను పదిదినములు కానిమ్ము" అని, దానిని పెట్టె యడుగున బెట్టి, పైన దారముతో కట్టి ముడివేసెను. ఎవరును చెప్పలేదు. పెద్దలు వలదన్న నియమమును బిడ్డ తనంతట తాను పట్టుకొన్నది. ఆ ముడి చూచి మా అత్తగారు పిల్లను దగ్గరకు దీసికొనిరి. అటుపిమ్మట పంపవలదను మాట వారి నోట రాలేదు.

పిల్లవాని తీరు వేరు. వాడు బట్టలను గూర్చి యడుగలేదు. "తాతగారు చూపుదుమన్న సముద్రము నేను చూచి వచ్చి చెప్పెదను" అని మాత్ర మనెను. ఎవరికి చెప్పునో వానికే తెలియదు. ఒకే యింట పుట్టిన ఇరువురు బిడ్డలు ఒకే దుఃఖమును రెండువిధముల పట్టుకొందురు. ఒకరిచే మాన్పించి, ఇంకొకరిచే చేయించి, ఇరువురిని ఒక్క మూసలో పోయుట తగదు.

ఏడవనాడు వేకువజామున పాడేరు మీదుగా ఘాటుదారిన బస్సులో మావారు పిల్లలను దిగబెట్టి వచ్చిరి. పదవనాటి యుదయమున శిబిరమువారి టెలిఫోనులో పిల్లలతో మాటలాడి, తలస్నానము చేయుడని చెప్పితిమి. అప్పటికే చేసితిమని వారు చెప్పిరి. మరునాడు పరికిణీముడి విప్పినట్లు పిల్ల తరువాత తెలిపినది. శిబిరమునుండి వచ్చిన పెట్టెలో ఇసుక, ఉప్పుచారలు, తప్పిపోయిన యొక మేజోడుకు బదులుగా వచ్చిన పరాయిమేజోడు ఉండెను. ఎర్రదారపుటక్షరముల పుణ్యమున తక్కిన వన్నియు తిరిగివచ్చినవి.

సోదరీమణులారా! మృత్యువు మన పంచాంగమును జూచి రాదు. పరీక్షనాడు వచ్చును, ప్రయాణమునాడు వచ్చును. అట్టి దినమున పెద్దలకు విధించిన నియమములను పెద్దలు భక్తితో పాటింతురు గాక. పిల్లల విషయమున మాత్రము మూడింటిని వేరుచేసి చూడుడు. శుభ్రత వేరు, అలంకారము వేరు, దుఃఖము వేరు. శుభ్రతను ఏ మైలలోను మానరాదు. అలంకారమును పదిదినములు మానిన నష్టము లేదు. దుఃఖమును మాత్రము బిడ్డపై మోపనురాదు, బిడ్డనుండి లాగికొననురాదు. వారి కొరకై పెట్టెలో నొకమూల ఖాళీ విడిచినచో తాము ఉంచుకొనదలచిన దానిని వారే యందుంచుకొందురు.